విలాపమే విద్యగా

చరిత్ర పుటలలో రాజులకు, సేనానులకు లభించిన స్థానం విలాపగీతాలు పాడిన పురోహితులకు లభించలేదు. అయినా ఒకప్పుడు వారు రాజాస్థాన పండితులు.

క్రీ.పూ. 7వ శతాబ్దిలో ఎసర్‌హద్దన్, ఆయన కుమారుడు అషుర్‌బనిపాల్ నేటి ఇరాక్‌లోని నినెవే నగరం నుండి అస్సీరియా సామ్రాజ్యాన్ని పాలించారు. వారి కొలువులో జ్యోతిష్కులు, శకునజ్ఞులు, మాంత్రికులు, వైద్యులతోపాటు ‘కలూ’ అనే విలాప పురోహితులు కూడా పండితులుగా గౌరవం పొందారు. దేవతల ఆగ్రహాన్ని శాంతింపజేయడం వారి ధర్మం. చంద్రగ్రహణ వేళ వృషభచర్మం బిగించిన భేరిని మ్రోగిస్తూ వారు సుమేరియన్ భాషలో విలాపాలు గానం చేసేవారు. ఆ భాష అప్పటికే జనవ్యవహారం నుండి తొలగిపోయి వెయ్యేళ్లు దాటింది. అందుచేత మూలగీతాల పంక్తుల క్రింద అక్కడియన్ అనువాదాన్ని కూడా మట్టి పలకలపై వ్రాసి భద్రపరచారు. ప్రధాన విలాప పురోహితుడు ఉరద్-ఎయా రాజుకు వ్రాసిన లేఖలు నేటికీ నిలిచి ఉన్నాయి. క్రీ.పూ. 612లో నినెవే దగ్ధమైనా ఆ పలకలు నశించలేదు.

ఇటువంటి విద్య మన ప్రాంతానికి క్రొత్త కాదు. 1992లో కోరాపుట్ నుండి వేరుపడిన రాయగడ జిల్లాలో, గుణుపూర్ కొండలలో నివసించే సవరలలో మృతులతో సంభాషించే ‘కురన్’లు ఉండేవారు. వారిలో అంత్యక్రియలు జరిపించేవారు ఎక్కువగా స్త్రీలే. కురన్‌కు పూనకం రాగా మృతులు ఆమె నోట పలికేవారు. బంధువులు ఏడ్చేవారు, ప్రశ్నించేవారు, వాదించేవారు. ‘కలూ’ రాజు పక్షాన దేవతలను వేడుకొంటే, కురన్ ఒక కుటుంబం పక్షాన దాని మృతులను పలకరించేది. ఆమెకు ఆస్థానం లేదు, మట్టి పలకలు లేవు, జ్ఞాపకమే గ్రంథం.

ఈ జాతి వాక్సంపదను ఆదరించిన తొలివారిలో పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి పంతులు ఒకరు. ఆయన సవర భాష నేర్చి, సవర పిల్లలకు పాఠశాలలు నెలకొల్పి, 1931లో ఆ భాషకు బోధినిని, 1938లో నిఘంటువును ప్రకటించారు. 1936లో మంగెయి గొమాంగొ సవరకు సొంత లిపిని రూపొందించారు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతాచారాలపై పెద్ద గ్రంథం వెలువరించారు. 1975 నుండి పియర్స్ విటెబ్‌స్కీ ఈ మృతసంభాషణలను దగ్గరనుండి పరిశీలించారు. తరువాతి దశాబ్దాలలో అనేక సవరలు క్రైస్తవాన్నో, హైందవాచారాలనో స్వీకరించగా ఆ సంభాషణలు చాలా గ్రామాలలో ఆగిపోయాయి.

విశ్వాసం ఎవరికి వారు ఎన్నుకొనేది. కాని దుఃఖానికి మాట నేర్పిన విద్య వినేవారు లేక అంతరించడం మనందరికీ నష్టమే. ఈ జిల్లాలలో చదువుకొని ఉపాధ్యాయులైనవారు సెలవు దినాలలో సవర పల్లెలకు వెళ్లి, పెద్దల అనుమతితో వారి మాటలను వారి భాషలోనే వ్రాసి ఉంచవచ్చు. ఒక బడిపంతులు పర్లాకిమిడిలో చేసిన పని మనకు అసాధ్యం కాదు.