వెళ్లిపోయేవారికే క్షమాభిక్ష: మస్కట్ ఆమ్నెస్టీలు, తెలుగు వలస కూలీలు

మస్కట్‌లో రూవీ దాటితే కొండల నడుమ వాడి కబీర్ వస్తుంది. ఒకవైపు కార్ల గ్యారేజీలు, గోదాములు, పాత కార్లు చేతులు మారే శుక్రవారం సంత. మరోవైపు ఇండియన్ స్కూల్, దాని చుట్టూ భారతీయ కుటుంబాలు. ముత్రా విలాయత్‌లోని ఈ పేటలో అకౌంటెంటూ వెల్డరూ ఒకే కిరాణా కొట్టుకు వెళతారు. ఇద్దరూ ఒకే విమానంలో వచ్చినవాళ్లయినా కావచ్చు. జేబులోని పతాకా, అంటే రెసిడెన్స్ కార్డు, ఇద్దరినీ విడదీస్తుంది. అది చెల్లుతున్నవాడు నివాసి. చెల్లనివాడిని గల్ఫ్‌లో మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. పోలీసు బండి కనబడితే సందులోకి తప్పుకోవలసిన బతుకు అతనిది.

ఇలాంటివారికి ఒమన్ ప్రభుత్వం కొన్నేళ్లకోసారి ఆమ్నెస్టీ ప్రకటిస్తుంది. తెలుగు పత్రికలు దాన్ని క్షమాభిక్ష అని రాస్తాయి. ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఎంతమంది వెళ్లిపోయారన్న లెక్కే వార్త అవుతుంది. ఆ మనిషి అక్రమ నివాసి ఎందుకయ్యాడన్న విచారణ మాత్రం ఎప్పుడో గానీ జరగదు. ఒమన్ ఆమ్నెస్టీల చరిత్రను వరసగా చూస్తే అసలు సమస్య అక్కడే ఉందని తేలుతుంది.

చమురు, కఫీల్, అప్పు

ఒమన్ 1967లో చమురు ఎగుమతి మొదలుపెట్టింది. 1970 జూలై 23న సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కాడు. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగాక రోడ్లు, రేవులు, ఆస్పత్రులు కట్టడానికి దేశంలో ఉన్న చేతులు చాలలేదు. అదే కాలంలో వానలు ముఖం చాటేసిన కరీంనగర్, నిజామాబాద్ పల్లెలు, బతుకుదెరువు కరువైన కడప, గోదావరి జిల్లాల ఊళ్లు గల్ఫ్ వైపు చూశాయి. మగవాళ్లు కట్టడం పనులకూ డ్రైవింగుకూ వెళ్లారు. గోదావరి, కడప జిల్లాల ఆడవాళ్లు అరబ్బుల ఇళ్లలో పనికి వెళ్లారు. 1983లో భారత ప్రభుత్వం ఎమిగ్రేషన్ చట్టం తెచ్చింది. తక్కువ చదువుకున్నవారి పాస్‌పోర్టులను ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కోవలో పెట్టి, వాళ్లు బయలుదేరే ముందు అనుమతి తీసుకోవాలంది. ఆ కాపలాను పక్కదారిలో దాటించడం ఏజెంట్లకు వ్యాపారమైంది.

అక్కడ పని చేయాలంటే కఫీల్, అంటే పూచీపడే యజమాని, ఉండాలి. కార్మికుడి వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. 1995 నాటి విదేశీయుల నివాస చట్టం, 2003 కార్మిక చట్టం ఈ ఏర్పాటుకు గట్టి రూపమిచ్చాయి. ఇంటి పనివాళ్లను 2003 చట్టం తన పరిధిలోకే తీసుకోలేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోవడం చాలాచోట్ల మామూలైపోయింది.

ఈ ఏర్పాటులో చట్టబద్ధంగా వచ్చిన మనిషి అక్రమ నివాసి కావడానికి నేరమేదీ చేయనక్కరలేదు. ఆరు నెలలు జీతం రాక కంపెనీ వదిలిపెట్టినవాడి మీద పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు చేస్తే చాలు. ఆజాద్ వీసా పేరిట ఏజెంటుకు లక్షలు పోసి వచ్చినవాడికి కాగితం మీద ఒక యజమాని, పని ఇచ్చేది వేరే మేస్త్రీ. తనిఖీలో దొరికితే ఇద్దరూ అతనెవరో తెలియదంటారు. కంపెనీ మూతపడితే కార్డు పునరుద్ధరించేవాడే ఉండడు, జరిమానా మాత్రం కార్మికుడి పేరు మీద పెరుగుతుంటుంది. కొందరు ఆడవాళ్లనైతే ఎమిరేట్స్‌కు విజిట్ వీసా మీద తీసుకెళ్లి అల్ ఐన్, బురైమీ సరిహద్దు మీదుగా ఒమన్ ఇళ్లకు చేరుస్తారు. ఈ దారి గురించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లో వివరంగా రాసింది.

పైగా ఇంటి దగ్గర అప్పు ఉంటుంది. నూటికి రెండు, మూడు వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టినవాడు అది తీరకుండా తిరిగి రాలేడు. అందుకే జీతం ఇవ్వని యజమానిని వదిలాక ఊరికి పోకుండా వాడి కబీర్ గ్యారేజీలకో, పక్కనున్న హమ్రియాలో దినకూలీలు నిలబడే అడ్డాకో చేరతాడు.

ఆమ్నెస్టీల వరస

గల్ఫ్‌లో పెద్దఎత్తున క్షమాభిక్ష ఇవ్వడం యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 1996లో కనిపిస్తుంది. అక్కడే 2003లో, 2007లో మళ్లీ ఇచ్చారు. ఒమన్ 2009 చివర్లో ప్రకటించిన గడువును 2010 ఆరంభం దాకా పొడిగించింది. సరిగ్గా 2009లోనే భారత ప్రభుత్వం ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ పెట్టింది. చిక్కుబడ్డవారికి టిక్కెట్టు కొనడానికీ, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వడానికీ రాయబార కార్యాలయాలకు అప్పటినుంచి సొంత నిధి అంటూ ఉంది. ఆ సర్టిఫికెట్టే మన కూలీల నోట ఔట్‌పాస్.

తర్వాతి దశకు నేపథ్యం ఒమన్ రాజకీయం. 2011 ఫిబ్రవరిలో సోహార్ యువకులు ఉద్యోగాల కోసం వీధుల్లోకి వచ్చారు. సుల్తాన్ 50,000 ఉద్యోగాలు ఇస్తామన్నాడు. 2013లో కార్మిక మంత్రి విదేశీయుల వాటాను జనాభాలో 39 శాతం నుంచి 33 శాతానికి తగ్గిస్తామని ప్రకటించాడు. 2014 జూలైలో ఇంకో నియమం తిరిగి అమల్లోకి వచ్చింది. పాత యజమాని ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఇవ్వకపోతే కార్మికుడు దేశం విడిచి వెళ్లాలి, రెండేళ్ల దాకా కొత్త వీసా రాదు. మంచి యజమాని దొరికినా చెడ్డ యజమాని సంతకం లేనిదే మారే వీలు లేకుండా పోయింది.

ఏడాది తిరగకముందే, 2015 మే 3న ఆమ్నెస్టీ మొదలైంది. మూడు నెలలన్న గడువు అక్టోబరు చివరిదాకా సాగింది. చట్టబద్ధంగా యజమాని మారే తలుపును 2014లో మూసిన ప్రభుత్వమే, ఆ మూత వల్ల బయటపడ్డవాళ్లను ఇళ్లకు పంపే తలుపు 2015లో తెరిచింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆమ్నెస్టీ కేవలం దయగా కనిపిస్తుంది.

వాదనలు మూడు

ఆమ్నెస్టీ మీద ఒమన్‌లో వినిపించే మొదటి అభ్యంతరం పౌరులది. మాటిమాటికీ క్షమిస్తే గడువు దాటి ఉండడం తప్పు కాదని అందరూ అనుకుంటారు, తర్వాతి ఆమ్నెస్టీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు అంటారు వాళ్లు. ఇందులో నిజం లేకపోలేదు. రెండోది యజమానుల మాట: వీసాకు డబ్బు ఖర్చు పెట్టి రప్పించిన మనిషి పారిపోతే నష్టం మాకే. చిన్న గ్యారేజీ నడిపే ఒమనీకి ఇది నిజంగానే నష్టం. మూడోది కార్మికుల వాదన: మా చేతికి రావలసిన జీతాన్ని ఎగ్గొట్టినవాడికి శిక్ష లేదు, మాకు మాత్రం క్షమాపణ.

నేను మూడోదాని వైపే నిలబడతాను. జరిమానా మాఫీతో టిక్కెట్టు కొనుక్కుని వచ్చేసిన కూలీకి మస్కట్‌లో రావలసిన బకాయి జీతం అక్కడే ఉండిపోతుంది. లేబర్ కోర్టులో దావా నడపాలంటే చాలావరకు మనిషి అక్కడ ఉండాలి, ఆమ్నెస్టీ కోరేది మనిషి వెళ్లిపోవాలని. జరిమానా వదులుకున్న ప్రభుత్వానికీ, జీతం ఎగ్గొట్టిన కంపెనీకీ లెక్క సర్దుకుంటుంది. నష్టమంతా కూలీ మీదే పడుతుంది.

అమెరికాలో ఆమ్నెస్టీ అర్థం వేరు. 1986 నవంబరు 6న అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టం వల్ల దాదాపు 27 లక్షల మంది అక్కడే చట్టబద్ధంగా ఉండిపోయారు. అక్కడి రాజకీయ పోరు నలభై ఏళ్లుగా ఉండనివ్వాలా వద్దా అన్నదాని మీదే నడుస్తోంది. పౌరసత్వం దరిదాపుల్లోకి రాని గల్ఫ్‌లో అంత అడగడం లేదు. సౌదీ అరేబియా 2013లో నితాఖత్ (స్థానికులకు ఉద్యోగాల కోటా) సమయంలో ఇచ్చిన గడువు మధ్యేమార్గం చూపింది. వెళ్లిపోవడమే కాక, కొత్త యజమాని దగ్గరకు మారి కాగితాలు సరిచేసుకునే అవకాశం కూడా ఇచ్చింది. వాడి కబీర్ మెకానిక్‌కు కావలసింది అదే.

కోవిడ్, ఆ తర్వాత

2020 ఏప్రిల్ 1న ముత్రా విలాయత్‌ను మూసేశారు. వాడి కబీర్ గ్యారేజీలు, క్యాంపులు ఆ కట్టడిలో చిక్కాయి. రోజు కూలి మీద బతికేవాళ్లకు పనీ లేదు, విమానమూ లేదు. ఆ ఏడాది నవంబరు 15న కొత్త ఆమ్నెస్టీ మొదలైంది. డిసెంబరు 31తో ముగియవలసింది 2021లోకి పలుమార్లు పొడిగిస్తూ పోయారు. పదుల వేల మంది పేర్లు నమోదు చేసుకున్నారు.

ఈసారి దాంతోపాటు ఒక మేలు జరిగింది. 2021 జనవరి 1 నుంచి, ఒప్పందం ముగిసిన కార్మికుడు ఎన్‌ఓసీ లేకుండానే యజమానిని మార్చుకోవచ్చని ఒమన్ నియమం సవరించింది. ఇన్నేళ్ల ఆమ్నెస్టీలు చేయలేని పని ఈ ఒక్క సవరణ చేయగలదు. మనిషి అక్రమ నివాసి కాకముందే ఆపుతుంది కాబట్టి. ఒప్పందం మధ్యలో జీతం ఆగినవాడికి మాత్రం ఇది ఇంకా పూర్తిగా అందదు.

అదే సమయంలో మన ప్రభుత్వం వెనకడుగు వేసింది. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుల కనీస వేతన ప్రమాణాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ వలస సంఘాలవారు హైకోర్టుకు వెళ్లారు. 2021లో కేంద్రం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. తక్కువ జీతానికి ఒప్పుకుని వెళ్లినవాడే అప్పు తీరక కంపెనీ వదిలేస్తాడు. ఆ రకంగా అక్రమ నివాసానికి తొలి మెట్టు ఢిల్లీలో కూడా పడుతుంది.

2025లో ఒమన్ దృష్టి కొంత మారింది. ఆ జనవరిలో మంత్రివర్గం 6 కోట్ల రియాళ్లకు పైబడిన జరిమానాల, బకాయిల మాఫీని ఆమోదించింది. ఫిబ్రవరి 1న మొదలైన గడువు జూలై 31తో ముగియాలి, దాన్ని డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఈసారి వెళ్లిపోయేవారితోపాటు కార్డు పునరుద్ధరించుకునేవారికీ, కొత్త యజమాని దగ్గరకు మారేవారికీ చోటిచ్చారు. ఏళ్ల తరబడి పడి ఉన్న పాత లేబర్ కార్డులను రద్దు చేశారు. 2015తో పోలిస్తే ఇది నిజమైన ముందడుగు.

మన వైపు బాకీ

అక్కడి చట్టం ఎంత మారినా ఇక్కడ ఏజెంటు చేతిలో ఆజాద్ వీసా అమ్ముడుపోతున్నంతకాలం ఆమ్నెస్టీలు ఊట బావిని తోడడం లాంటివే. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది అవసరమే. బతికి, చేతిలో ఔట్‌పాస్‌తో, తలమీద అప్పుతో శంషాబాద్‌లో దిగేవాడికి మాత్రం అలాంటి ఏర్పాటు ఇంకా కావాలి.

చేయగలిగినవి ఉన్నాయి. ఆమ్నెస్టీలో వెళ్లే ప్రతి కార్మికుడి జీతం బకాయి విమానం ఎక్కేముందే రాయబార కార్యాలయంలో నమోదు కావాలి, అతని తరఫున అక్కడే దావా నడిపే వకీలుకు వెల్ఫేర్ ఫండ్ నుంచి ఖర్చు ఇవ్వాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వ నియామక సంస్థలు టామ్‌కామ్, ఓమ్‌క్యాప్ జిల్లా కేంద్రాల దాకా వచ్చి ఏజెంటుకు నిజమైన పోటీ ఇవ్వాలి. తిరిగొచ్చినవాడి అప్పుకు బ్యాంకు రుణం ద్వారా దారి చూపాలి. ఒమన్‌తో మాట్లాడే ప్రతి సమావేశంలో, జీతం ఆపిన యజమానిని వదిలే హక్కు ఒప్పందం మధ్యలో కూడా ఉండాలని మన దేశం గట్టిగా అడగాలి. తర్వాతి ఆమ్నెస్టీ విజయాన్ని ఎందరు వెళ్లారన్న లెక్కతో కాక, ఎందరు తమ జీతం చేతపట్టుకుని వెళ్లారు, ఎందరు చట్టబద్ధంగా పనిలో నిలిచారన్న లెక్కతో తూచాలి.