నెలసరి నొప్పికి దొరికిన సాక్ష్యం

“పెళ్లయితే అదే తగ్గిపోతుందమ్మా.” నా పదహారో ఏట, బహిష్టు నొప్పితో మెలికలు తిరిగిపోతున్న నాకు ఒక వైద్యుడు చెప్పిన మాట ఇది. ఇంటికి వచ్చాక అమ్మమ్మ మాత్రం ఏమీ అనకుండా వాము కషాయం కాచి ఇచ్చి, వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పొత్తికడుపుపై పెట్టింది. ఇద్దరిలో ఎవరిది శాస్త్రమన్న సందేహం తీర్చుకోవడానికి ఈ చరిత్ర చదివాను.

ఋతుక్రమంలో కంటికి కనబడేది రక్తం, కనబడనిది నొప్పి. కనబడేదానికే ముందుగా ఉపాయం దొరికింది. అమెరికాలోని డెన్వర్‌కు చెందిన వైద్యుడు ఎర్ల్ హాస్, గొట్టం సాయంతో లోపల అమర్చుకొనే టాంపన్‌కు 1931లో పేటెంటు కోరి 1933లో పొందాడు. అది రక్తాన్ని పీల్చుకొన్నదే గాని నొప్పిని తగ్గించలేదు. నొప్పి మాత్రం, అదంతా మనసు చేసే మాయ అన్న నిందను ఆ తరువాత కూడా చాలాకాలం మోసింది.

ఆ నిందను తుడిచే సాక్ష్యం ఆ రక్తంలోనే ఉన్నది. కండరాలను ముడుచుకొనేట్లు చేసే పదార్థమొకటి ఋతుస్రావంలో ఉన్నదని 1957లో బ్రిటిష్ శాస్త్రవేత్త వి.ఆర్. పికిల్స్ ప్రకటించాడు. అందులో ఉన్నవి ప్రొస్టాగ్లాండిన్లని 1963లో తేలింది. అవి గర్భాశయాన్ని బిగించి, దానికి రక్తం అందకుండా చేస్తాయి. నొప్పి అక్కడ పుడుతుంది. పురుషుల ప్రోస్టేట్ గ్రంథి నుండి వస్తాయనుకొని 1935లో ఫాన్ ఆయిలర్ వాటికి ఆ పేరు పెట్టాడు. స్త్రీల బాధకు మూలమైనదానికి పురుషుని గ్రంథి పేరు!

ఆస్పిరిన్ వంటి మందులు ప్రొస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని ఆపుతాయని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. నెలసరి నొప్పికి మెఫెనమిక్ ఆమ్లం పనిచేస్తుందని అమెరికన్ వైద్యురాలు పెన్నీ వైజ్ బుడాఫ్ 1979లో ప్రచురించింది. మన మందుల దుకాణాల్లో ఈ నొప్పికి ఇచ్చే మాత్రల్లో తరచుగా ఉండేది ఆ మందే. పికిల్స్ ప్రకటన నుండి అక్కడికి ఇరవైరెండేళ్లు.

వేడి తగిలితే బిగిసిన కండరం సడలుతుంది. కారణం తెలియకపోయినా అమ్మమ్మ చేసిన పని సరైనదే. కారణం తెలియని వైద్యుడు మాత్రం పెళ్లిని మందుగా రాశాడు.

నిరుడు మా అమ్మాయికి నొప్పి వచ్చినప్పుడు వైద్యురాలు చెప్పిన మాత్ర వేసి, వేడినీళ్ల సీసా చేతికిచ్చాను. ఆ పెళ్లి మాట మాత్రం మా ఇంట్లో నాతోనే ఆగిపోయింది. మీ ఇళ్లలో ఏ మాట వినబడేదో చెప్పండి.