చింత నీడలో టమాటా

టమాటాకు కూడా ఒక చరిత్ర వ్యాసమా అని మిత్రులు నవ్వవచ్చు. పెరట్లో తొలిసారి నారు నాటదలచినవారు ముందుగా తెలుసుకోవలసినది ఆ చరిత్రనే అని నా అభిప్రాయం.

ఈ మొక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ ప్రాంతం. దానిని తోటపంటగా తీర్చిదిద్దినవారు మెక్సికో ప్రజలు. వారి నాహువాతల్ భాషలోని ‘తొమాతల్’ అన్న మాటే మన టమాటాకు మూలం. ఐరోపావారి ఓడలు దానిని మన దేశానికి చేర్చినవి. ఉత్తరాంధ్రవారు రామములక్కాయ అన్నారు, చిత్తూరు వైపువారు తక్కాళి అన్నారు. నల్లగొండ, పాలమూరు సీమలలో మాత్రం అది తన వెంట తెచ్చుకొన్న పేరుతోనే నిలిచిపోయింది.

అంతకు ముందునుండీ మన కూరకుండలో పులుపు చింతదే. ఎవరూ నీరు పోయకున్నా, వానలు ముఖం చాటేసినా చింతచెట్టు నిలబడుతుంది. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన నల్లగొండకు అది మరొక మేలు కూడా చేసి ఉండవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కొందరు బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులపాటు ఇచ్చి చూడగా, మూత్రం ద్వారా ఫ్లోరైడు విసర్జన పెరిగిందని 2002లో ప్రకటించారు.

టమాటా ఇంత ఓర్పు గలది కాదు. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. మన వేసవి 40 దాటుతుంది. అందుచేత కొత్తవారు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో విత్తుకోవడం మేలు. 25–30 రోజుల నారును కాండం కొంత మట్టిలో మునిగేటట్లు నాటితే, పూడిన మేరకు కొత్త వేళ్ళు వస్తాయి. చల్క నేల నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచదు కనుక బాగా మాగిన పెంట ఎరువు కలపాలి. నాలుగు రోజులు ఎండగట్టి ఒకనాడు ముంచెత్తితే కాయ అడుగు నల్లబడుతుంది, పండు పగులుతుంది. దూరపు అంగళ్ళకు పోయే కాయను పచ్చిగానే కోస్తారు. పెరటి కాయను చెట్టుమీదనే ఎర్రబడనివ్వండి. ఇంటి పంట రుచి అక్కడున్నది.

2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటినప్పుడు మళ్ళీ చింతపులుసుకు మరలిన ఇళ్ళను నేనెరుగుదును. కాబట్టి కుండీలో టమాటాను పెంచండి, పొలంగట్టు మీది చింతను మాత్రం కొట్టనివ్వకండి. మీ ఊరిలో టమాటాకు వేరే పేరున్నదేమో కూడా తెలియజేయగలరు.