చచ్చిన పురుగు పట్టిచ్చిన బతికిన పురుగు

అంతరించిందనుకుని ఒక కీటకానికి 2001లో పేరు పెడితే, మరుసటి ఏడాదే దాని చుట్టాలు ఆఫ్రికా గడ్డిదుబ్బుల్లో ప్రాణాలతో దొరికాయి. శిలాజాల కథల్లో ఇంత ముచ్చటైనది నాకు మరొకటి కనబడలేదు.

కర్ర పురుగుల మీద పరిశోధిస్తున్న జర్మన్ విద్యార్థి ఆలివర్ జోంప్రో చేతికి బాల్టిక్ అంబరు వచ్చింది. అంబరంటే గుగ్గిలంలాంటి చెట్టు జిగురు కోట్ల ఏళ్లకు గట్టిపడినది. సుమారు 4.4 కోట్ల ఏళ్లనాటి ఆ జిగురులో రెక్కల్లేని పురుగొకటి ఉంది. చూస్తే కర్ర పురుగులా ఉంది, కాళ్లు వేటగాడివి. అయినా అటు కర్ర పురుగూ కాదు, ఇటు గొల్లభామా కాదు. ఆయన దానికి రాప్టోఫాస్మా అనే కొత్త ప్రజాతిని ఏర్పరచి, ఎవరి బంధువో తేలలేదని నిజాయితీగా రాశాడు. ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి. దేనికో ఒకదానికి అంటగట్టి ఉంటే కథ అక్కడితో ఆగేది.

ఆ రూపం కళ్లలో ఉండగానే మ్యూజియాల్లో పాత నమూనాలు తిరగేస్తుంటే అలాంటివే రెండు బయటపడ్డాయి. ఒకటి టాంజానియాలో 1950లో పట్టినది. రెండోది నమీబియా నుంచి బెర్లిన్ చేరి, పేరు లేకుండా దశాబ్దాలు పడి ఉన్నది. కడుపు పరిశీలిస్తే ఇతర కీటకాల తునకలు కనిపించాయి. అంటే ఇవి మాంసాహారులు. క్లాస్, క్రిస్టెన్సెన్, ఆడిస్‌లతో కలిసి జోంప్రో 2002లో 'సైన్స్' పత్రికలో కొత్త క్రమాన్నే ప్రకటించాడు: మాంటోఫాస్మటోడియా. కీటకాల్లో బతికున్న కొత్త క్రమం తేలడం 1914 తర్వాత అదే మొదలు. ఆ ఏడాదే నమీబియాలోని బ్రాండ్‌బెర్గ్ కొండ మీద సజీవంగా దొరికాయి. దక్షిణాఫ్రికాలోనూ కనిపించాయి. పొట్టతో నేలను తట్టి జతను పిలుస్తాయట!

అంబరులో పురుగుల్ని మనిషి గమనించడం కొత్తేమీ కాదు. అది చెట్టు స్రావమనీ, ద్రవంగా ఉన్నప్పుడే దోమలు చిక్కాయనీ రోమన్ పండితుడు ప్లినీ రాశాడు. తర్వాత పదిహేడు వందల ఏళ్లకు పైగా దాటి 19వ శతాబ్దానికి వస్తే, జర్మన్ పండితులు వాటిని వర్గీకరించే పనిలో కనిపిస్తారు. కోనిగ్స్‌బెర్గ్ విశ్వవిద్యాలయం లక్షకు పైగా అంబరు ముక్కల్ని కూడబెట్టింది. అమెరికన్ శాస్త్రవేత్త వీలర్ తన చీమల గ్రంథానికి వాటినే ఆధారం చేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో కొంత భాగం గోటింగెన్ చేరి దక్కింది, చాలావరకు పోయింది. జాతి పేరు నిలబడేది దాని మూల నమూనా మీద. అది పోతే వర్ణన తప్పో ఒప్పో పోల్చిచూసే వీలుండదు. పోయిన ఇళ్లూ వంతెనలూ మళ్లీ కట్టారు, ఆ పురుగుల్ని ఎవరూ మళ్లీ తేలేరు.

మన దేశానికీ ఈ కథలో వాటా ఉంది. గుజరాత్ లిగ్నైట్ గనుల్లో దొరికిన, సుమారు 5 కోట్ల ఏళ్లనాటి అంబరు కీటకాల గురించి 2010లో ఒక బృందం ప్రకటించింది. ఆ జిగురు కార్చినవి గుగ్గిలం చెట్ల కుటుంబానివే. శేషాచలం కొండల్లోని జాలారి కూడా ఆ కుటుంబమే. భారత భూఖండం చాలాకాలం సముద్రంలో ఒంటరిగా సాగిందని నమ్మేవాళ్లు. మరి ఐరోపా, ఆసియా కీటకాల దగ్గరి బంధువులు ఆ జిగురులోకి ఎలా వచ్చాయి? దారిలో దీవులేవో ఉండి ఉంటాయని కొందరు అంటున్నారు.