ఖండస్ఫుటిత జీర్ణోద్ధరణము : ఆలయ రక్షణకై మన పూర్వులు చేసిన కట్టుబాట్లు

శ్రీస్వామివారి దివ్యానుగ్రహమువలనను, దాతల ఔదార్యమువలనను, స్థపతుల నేర్పువలనను మన ఆలయ జీర్ణోద్ధరణము సంపూర్ణమై, మహాకుంభాభిషేక మహోత్సవము జరుగుచున్న ఈ శుభవేళ భక్తులందరి హృదయములు ఆనందభరితములై యున్నవి. విమానముపై నూతన కలశములు మెరయుచున్నవి. ప్రాకారము శుభ్రపడినది. ఈ సంతోషసమయముననే మనమొక ప్రశ్న వేసికొనుట మంచిది. వచ్చు వర్షకాలమున విమానముపై కెక్కి నీరు నిలిచినదో లేదో చూచువారెవరు? గోపురపు సందులలో మొలచు రావిమొక్కను వేరు దిగకముందే పెరికివేయువారెవరు? అందులకగు వ్యయము ఎచ్చటనుండి వచ్చును?

ఈ ప్రశ్న కొత్తది కాదు. మన పూర్వులు ఆలయమును కట్టించిననాడే దీనిని వేసికొని, సమాధానమును రాగిరేకులపైనను రాళ్లపైనను చెక్కించిరి. కట్టిన కట్టడమును కాపాడుటకు వారు చేసిన నియమముల చరిత్రను, కాలక్రమమున ఆ నియమములు పొందిన మార్పులను భక్త మహాశయులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

శాసనములు చెప్పు మాట

ప్రాచీన దానశాసనములను పరిశీలించువారికి తరచుగా ఒక సమాసము కనబడును. అది "ఖండస్ఫుటిత". ఖండమనగా విరిగినది, స్ఫుటితమనగా పగిలినది. విరిగిన భాగములను, పగిలిన భాగములను మరల బాగుచేయుట ఖండస్ఫుటిత నవకర్మ. దేవుని ధూపదీప నైవేద్యములకు, బలికి, అన్నసత్రమునకు భూమి నిచ్చునపుడు వాటితో సమానముగ ఈ మరమ్మతునుగూడ పేర్కొనుట పూర్వుల ఆచారము. తూర్పు చాళుక్య ప్రభువైన రెండవ అమ్మరాజు 10వ శతాబ్దిలో మలియపూండి గ్రామమును ఒక జినాలయమునకు దానము చేసినపుడు, ఆ దానము యొక్క ప్రయోజనములలో పూజాదికములతోపాటు పగుళ్ల మరమ్మతును కూడ చేర్చెను. హిందూ దేవాలయములు, జైన బసదులు, బౌద్ధ విహారములు అను భేదము లేక ఈ నియమము అన్నిటియందును కనబడును.

ఇందలి సూక్ష్మమును గమనింపవలెను. ఆలయము కట్టించిన ప్రభువు తన కట్టడము చెడదని భ్రమపడలేదు. చెడునని తెలిసియే, చెడిననాడు బాగుచేయుటకు ఒక ఆదాయమును ముందే ఏర్పరచెను. ఆ ఆదాయము ఆచంద్రార్కముగ నిలుచు భూమినుండి రావలెనని విధించెను. కట్టుబడికి ధనము ఒక్కసారి చాలును. కాపాడుటకు ధనము ఏటేట కావలెను. ఈ భేదమును వారు చక్కగ నెరిగిరి.

శాసనముల చివర నుండు ఫలశ్రుతి శ్లోకములు కూడ ఈ భావమునే చాటుచున్నవి. దానము చేయుటకంటె, చేసిన దానమును పాలించుటయే మేలని అవి చెప్పును. తానిచ్చిన దానికంటె ఇతరులిచ్చిన దానిని కాపాడుటవలన రెట్టింపు పుణ్యము కలుగునని చెప్పును. ప్రతి రాజును తన పేర కొత్త గుడి కట్టించుకొనవలెనని తలంచి పాత గుడిని విడిచినచో దేశమంతయు శిథిలములతో నిండును. అట్లు జరుగకుండుటకే ఈ శ్లోకములను శాసనములయందు మరల మరల చెక్కించిరి.

కౌటిల్యుని ధర్మము

కేవలము పుణ్యముచేతనే మానవుడు కదలడని గ్రహించినవాడు కౌటిల్యుడు. పూర్వులు చేయించిన సేతుబంధములు మొదలగువానిని రాజు రక్షింపవలెననియు, ఆ పిమ్మట కొత్తవానిని ప్రారంభింపవలెననియు అర్థశాస్త్రము చెప్పుచున్నది. రక్షించుటకు మొదటి స్థానము, నిర్మించుటకు రెండవ స్థానము ఇచ్చుట విశేషము. కొత్తగ చెరువు, కట్ట నిర్మించినవానికి 5 సంవత్సరములు పన్ను మినహాయింపు. పాడుపడి విడువబడినదానిని బాగుచేసినవానికి 4 సంవత్సరములు. పిచ్చిచెట్లు పెరిగి కప్పివేసినదానిని శుభ్రపరచినవానికి 3 సంవత్సరములు. మరమ్మతు చేయువాడును నిర్మాతకు దాదాపు సాటియైనవాడేయని ఈ లెక్క తెలుపుచున్నది. ఆపద లేకుండ 5 సంవత్సరములు ఉపయోగింపక విడిచిన సేతుబంధముపై యజమానికి స్వామ్యము నశించునని కూడ ఆ గ్రంథము విధించినది. అనగా ఆస్తి కలిగియుండుట హక్కు మాత్రమే కాదు, కాపాడవలసిన బాధ్యతయు నన్నమాట.

ఆగమములలో జీర్ణోద్ధరణము

వైఖానస సంప్రదాయము ఆలయక్రియలను కర్షణాది ప్రతిష్ఠాంతము, ప్రతిష్ఠాది ఉత్సవాంతము, ఉత్సవాది ప్రాయశ్చిత్తాంతము అని మూడుగ విభజించును. భూమిని దున్నుటతో మొదలైన కార్యము ప్రతిష్ఠతో ముగియదు. నిత్యపూజ, ఉత్సవము, లోపము కలిగినపుడు ప్రాయశ్చిత్తము - ఇవన్నియు ఆ ప్రతిష్ఠకు అనుబంధములే. శిల్పగ్రంథమైన మయమతమున జీర్ణాలయ పునరుద్ధరణకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. మరమ్మతు సమయమున మూలమూర్తి శక్తిని కుంభమునందు ఆవాహనము చేసి బాలాలయమున నుంచి పూజించుట, పని పూర్తియైన పిదప మరల మూలస్థానమున నిలుపుట మనమెరిగిన క్రమమే.

తిరుమల క్షేత్రమున ఈ నియమములు నేటికిని సజీవముగ నున్నవి. ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి - ఈ నాలుగు పర్వములకు ముందు మంగళవారమున కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. మూలమూర్తిని వస్త్రముతో కప్పి, గర్భాలయపు గోడలను, పైకప్పును, పూజాసామగ్రిని నీటితో శుభ్రపరచి, నామకోపు, శ్రీచూర్ణము, కస్తూరిపసుపు, పచ్చాకు, గడ్డకర్పూరము, గంధపుపొడి, కిచ్చిలిగడ్డ మొదలైన ద్రవ్యములు కలిపిన పరిమళజలమును ప్రోక్షింతురు. ఇది భక్తికార్యము, కట్టడ రక్షణయు నిదియే. సంవత్సరమునకు నాలుగుసార్లు గోడ గోడను, మూల మూలను చేతితో తాకి చూచు అవకాశమును ఈ ఆచారము కల్పించుచున్నది. 12 సంవత్సరముల కొకమారు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము జరుగును. బింబమునకును పీఠమునకును నడుమ నున్న సందును లక్క, గుగ్గిలము, తేనెమైనము మొదలైన ఎనిమిది ద్రవ్యములు నూరిన ముద్దతో పూడ్చుట ఇందు ముఖ్యాంశము. 2018 ఆగస్టులో ఈ మహాసంప్రోక్షణము జరిగినది.

తిరుమలనుండియే మరియొక పాఠము. 13వ శతాబ్దిలో యాదవరాయ వీరనరసింహదేవుని పాలనలో ఆలయమును పునరుద్ధరించినపుడు, పాత గోడలపై నున్న శాసనములకు నకళ్లు తీసి కొత్త గోడలపై మరల చెక్కించిరి. రాయి మారినను దాత పేరు మారకూడదు. గోడ కొత్తదైనను చరిత్ర పోగూడదు. నేడు పాత శాసనములపై సున్నము కొట్టించుట, రంగులు వేయించుట, పలకలు పరచుట చేయువారు ఈ సంఘటనను తలంచుకొనవలెను.

రాతినుండి కాగితమునకు

రాజ్యములు మారిన పిదప మాన్యముల పర్యవేక్షణ సడలినది. ఆలయములకిచ్చిన భూముల ఆదాయము ఉద్దేశించిన పనికి చేరకపోవుట కలిగెను. అప్పుడు చెన్నపట్టణపు ప్రభుత్వము 1817 లో 7వ రెగ్యులేషనును చేసినది. దేవాలయ, మసీదుల మాన్యముల ఆదాయము సక్రమముగ వినియోగమగుట, వంతెనలు, చావళ్లు, సత్రములు మొదలగు ప్రజోపయోగ భవనముల మరమ్మతు - ఈ రెండింటిని ఒకే చట్టమున చేర్చి రెవిన్యూ బోర్డునకును, జిల్లాలలో దాని ప్రతినిధులకును అప్పగించినది. ఖండస్ఫుటిత మను పాత మాటయే కొత్త రూపమున చట్టములో ప్రవేశించినదని చెప్పవచ్చును.

అయితే ఈ ఏర్పాటు చిరకాలము నిలువలేదు. దేవాలయ వ్యవహారములనుండి ప్రభుత్వము తొలగవలెనను వాదము ప్రబలి, 1843 లో తిరుమల ఆలయ నిర్వహణము హాథీరాంజీ మఠపు మహంతులకు అప్పగింపబడెను. 1863 నాటి 20వ చట్టము ఆలయములను ధర్మకర్తలకు, స్థానిక సంఘములకు వదలిపెట్టినది. తరువాత 1927 నాటి మద్రాసు హిందూ మత ధర్మాదాయ చట్టము, 1951 నాటి చట్టము వచ్చినవి. నిజాము రాష్ట్రమున 1349 ఫసలీ నాటి ధర్మాదాయ నిబంధనలు అమలులో నుండెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1966 లో 17వ చట్టము ఉభయ ప్రాంతములకును ఒకటియైనది. దాని స్థానమున 1987 నాటి 30వ చట్టము వచ్చినది. 2014 లో రాష్ట్రము విభజింపబడిన తరువాతను ఆ చట్టమే, సవరణలతో, రెండు రాష్ట్రములందును పునాదిగ నున్నది. సంపన్నాలయముల మిగులు ధనమునుండి సర్వశ్రేయోనిధి నేర్పరచి, జీర్ణములైన పేద ఆలయముల ఉద్ధరణమునకు తోడ్పడు మార్గము నీ చట్టము కల్పించినది.

పురాతన కట్టడములకు వేరు నియమములు కలవు. 1904 నాటి ప్రాచీన కట్టడముల రక్షణ చట్టము, 1958 నాటి కేంద్ర చట్టము, 1960 నాటి రాష్ట్ర చట్టము ఇందు ముఖ్యములు. 2010 నాటి సవరణము ప్రకారము కేంద్ర రక్షిత కట్టడమునకు 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతము, ఆపైన 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతము. నిషిద్ధ ప్రాంతములో 1992 జూన్ 16వ తేదీకి ముందునుండి ఉన్న భవనమును మరమ్మతు చేయుటకైనను అనుమతి పొందవలెను. ప్రాచీనాలయము చెంత ఇల్లు, సత్రము కలవారందరు ఎరుగవలసిన నియమమిది.

పగులు చెప్పిన పాఠము

నియమము లున్నంతమాత్రమున కట్టడము నిలువదు. శ్రీకాళహస్తిలో 1516 లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురము దాదాపు ఐదు శతాబ్దములు ఎండకు, వానకు, పిడుగులకు నిలిచి, 2010 మే 26వ తేదీ రాత్రి కూలిపోయినది. పగుళ్లు అంతకుముందే కనబడినవి. జనులను ముందుగ దూరము తరలించుటచే ప్రాణాపాయము తప్పినది. గోపురము మాత్రము దక్కలేదు. కొత్త గోపురమునకు 2017 లో కుంభాభిషేకము జరిగినది. భక్తులకు గోపురదర్శనము మరల లభించినది. కాని రాయలనాటి ఆ గోపురమును ఎవ్వరును మరల తేలేరు.

హనుమకొండలో రుద్రదేవుడు 1163 లో నిర్మింపజేసిన వేయిస్తంభముల గుడి సంగతియు చూడుడు. శిథిలమైన కల్యాణమండపమును విప్పదీసి, పునాదినుండి మరల నిలుపుటకు ఏండ్లకు ఏండ్లు పట్టి, 2024 మార్చిలో గాని అది భక్తులకు అందుబాటులోనికి రాలేదు. విప్పుట సులభము, కూర్చుట కష్టము. వీటన్నిటికంటె సులభమైనది, మిక్కిలి తక్కువ ఖర్చు కలది, విప్పవలసిన అవసరము రాకుండ చూచుకొనుట.

మన కర్తవ్యము

ఆలయమునకు శత్రువులు మూడు: నిలిచిన నీరు, దిగిన వేరు, పొంతన లేని పూత. పైకప్పున తూము ఆకులతో పూడినచో నీరు గోడలోనికి దిగును. రావి, మర్రి విత్తనములు పక్షులవలన గోపురపు సందులకు చేరి మొలచును. పైమొక్కను కోసి వేరును విడిచినచో అది మరింత బలపడును. పూర్వులు గానుగసున్నమునకు కరక్కాయ, బెల్లపు నీరు కలిపి వాడిరి. అట్టి సున్నపు కట్టుబడి లోని తేమను వెలికి విడుచును. దానిపై గట్టి సిమెంటు పూసినచో తేమ లోననే చిక్కుకొని, పూత ఊడుటయేగాక ఇటుకయు పాడగును.

కావున, భక్త మహాశయులకు కొన్ని విన్నపములు. ఏటేట వర్షకాలమునకు ముందొకసారి, తరువాతనొకసారి అనుభవజ్ఞుడైన స్థపతిచే విమానమును, గోపురమును, ప్రాకారమును పరీక్ష చేయింపవలెను. కనబడిన ప్రతి పగులును తేదీతో ఒక పుస్తకమున వ్రాసి ఛాయాచిత్రము తీయింపవలెను. మరుసటి ఏట ఆ పగులు పెరిగినదో లేదో దానివలన తెలియును. పాత శాసనముల నకళ్లు భద్రపరుపవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, ఈ మహోత్సవమునకు వచ్చిన విరాళములనుండి కొంతభాగమును ఖండస్ఫుటిత నిధి పేర శాశ్వతముగ నిలిపి, దాని వడ్డీని మరమ్మతులకు మాత్రమే వినియోగించు తీర్మానము చేయవలెను. నాటి ప్రభువు లిచ్చిన మాన్యమునకు నేటి రూపమిదియే.

తూము శుభ్రపరచినవాని పేరు శిలాఫలకమున ఎక్కదు. మొక్క పెరికినవానికి శాలువ కప్పరు. అయినను దానముకంటె పాలనమే శ్రేష్ఠమని వేయేండ్లనుండి రాళ్లు చెప్పుచున్న మాట వారిని గూర్చియే. కలశములకు నేడు అభిషేకము జరిగినది. రేపటినుండి మన శ్రద్ధయే ఈ ఆలయమునకు నిత్యాభిషేకము కాగలదు. శ్రీస్వామివారు అందులకగు బుద్ధిని, శక్తిని మనకందరకును అనుగ్రహించుగాక!

స్వస్తి.