చీటీ తీసుకున్నవారు: క్రీ.శ. 250 నాటి హింసలో పడిపోయినవారిని సంఘం ఏం చేసింది?

ఐగుప్తు ఇసుకలో, ఎక్కువగా ఫయూము ప్రాంతంలో, దొరికిన పపైరస్ పత్రాలలో కొన్ని చిన్న చీటీలు ఉన్నాయి. మొదటిది 1893లో అచ్చయింది. ఇప్పటికి నలభైకి పైగా బయటపడ్డాయి. అన్నీ దాదాపు ఒకే నమూనాలో ఉంటాయి. పైన బలులను పర్యవేక్షించే అధికారులకు మనవి, కింద అర్జీదారు పేరు, తండ్రి పేరు, ఊరు. ఒక చీటీలోని మనిషికి 72 ఏళ్లు, కుడి కనుబొమ్మ మీద మచ్చ. తాను ఎప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూనే వచ్చాననీ, ఇప్పుడు కూడా అధికారుల కళ్లెదుట పానార్పణం పోసి, బలి ఇచ్చి, బలి మాంసం రుచి చూశాననీ, ఈ మాట ధ్రువీకరించమనీ అతడు వేడుకుంటాడు. దాని కింద, చూశామని అధికారి సంతకం. తేదీలు చాలావరకు 250 జూన్, జూలై నెలలవి.

ఈ చీటీల్లో ఒకటి మొసలి దేవత పూజారిణిది. ఆమె కూడా రుజువు తెచ్చుకోవలసి వచ్చిందంటే ఆజ్ఞ క్రైస్తవులకు మాత్రమే కాదని తెలుస్తుంది. 249లో రోమా చక్రవర్తి అయిన డేసియస్, రాజ్యంలోని వారందరూ దేవతలకు బలి అర్పించాలని ఉత్తరువు ఇచ్చాడు. అడిగింది చిటికెడు ధూపం, ఒక గుక్క ద్రాక్షారసం, ఒక ముక్క మాంసం. పొరుగువాడికి అది పెద్ద విషయం కాదు. పది ఆజ్ఞల్లో మొదటిది ఎరిగిన క్రైస్తవునికి మాత్రం అది ప్రభువును కాదనడమే.

అంతకు ముందు హింసలు ఒక్కో ఊరిలో ఒక్కో కాలంలో వచ్చేవి. 177లో గాలియ దేశపు లియోనులో, 203లో కార్తేజీలో పెర్పెటువా, ఫెలిసిటాసుల మీద వచ్చినవి అలాంటివే. ఒక ఊరు మండుతుంటే పక్క ఊరు నెమ్మదిగా ఉండేది. డేసియస్ ఆజ్ఞ మాత్రం ఇంటింటికీ వచ్చింది. రోమా బిషప్పు ఫాబియాను 250 జనవరి 20న హతసాక్షి అయ్యాడు. యెరూషలేము బిషప్పు అలెక్సాండరు కైసరయ చెరసాలలో చనిపోయాడు, అంతియొకయ బిషప్పు బాబిలాసు కూడా చెరలోనే. వృద్ధ పండితుడు ఓరిగెను కాళ్లకు బొండ వేసి చిత్రహింస పెట్టారు. ఆయన విడుదలైనా కొన్నేళ్లకే కన్నుమూశాడు. ఈ పేర్లు మనం విన్నవే. వినని సంగతి ఏమిటంటే, లొంగిపోయినవారి సంఖ్య నిలబడినవారి కంటే చాలా ఎక్కువ.

స్ముర్ననే తీసుకోండి. పాలికార్పు సంఘం అది. 250లో సరిగ్గా ఆయన జ్ఞాపక దినాన, పియోనియసు అనే సంఘపు పెద్దనూ, సబీన, అస్క్లేపియాదులనూ పట్టుకున్నారు. అధికారులు వచ్చేసరికే పియోనియసు తన మెడలోనూ ఆ ఇద్దరి మెడల్లోనూ గొలుసులు వేసి సిద్ధంగా ఉన్నాడు. వీధిలో చూసేవారు, వీళ్లూ అందరిలాగే బలి ఇవ్వడానికి వెళ్తున్నారని అనుకోకూడదని! అలా వెళ్లినవారు అప్పటికే అంతమంది ఉన్నారన్నమాట. వారిలో ఆ సంఘపు బిషప్పు యూక్తెమోను కూడా ఉన్నాడు. మీ నాయకుడే బలి ఇచ్చాడు కదా అని అధికారులు పియోనియసును ఎత్తిపొడిచారు. ఆయన లొంగలేదు, ఆయనను సజీవంగా కాల్చారు. మన ప్రసంగాల్లో పాలికార్పు తరచుగా వినిపిస్తాడు, యూక్తెమోను ఎన్నడూ వినిపించడు. కాని పియోనియసు చరిత్ర రాసిపెట్టిన స్ముర్న విశ్వాసులు తమ బిషప్పు పేరు దాచలేదు.

ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో జరిగింది ఇంకా బాధాకరం. అక్కడి బిషప్పు సిప్రియన్ తన గ్రంథంలో వర్ణించిన ప్రకారం, పిలవకముందే జనం బలిపీఠం దగ్గరికి పరుగెత్తారు. చీకటి పడుతోంది, రేపు రండి అని అధికారులు వాయిదా వేస్తే, ఈ రోజే కానివ్వండని బతిమాలినవారు ఉన్నారట. తల్లిదండ్రులు చంకలోని పసిబిడ్డలను కూడా తీసుకువెళ్లారు. బలి ఇచ్చినవారు ఒక రకం, ధూపం మాత్రం వేసినవారు ఒక రకం. మూడో రకం చీటీవారు. వీళ్లు బలి ఇవ్వలేదు, అధికారికి లంచం పెట్టి, ఇచ్చినట్టు చీటీ రాయించుకున్నారు. అబద్ధపు కాగితం చేతిలో ఉంది, విగ్రహానికి మాత్రం చెయ్యి ఎత్తలేదు. వాళ్లలో కొందరు తర్వాత బిషప్పు దగ్గర చెప్పుకున్న సంజాయిషీ వింటే మనసు కలుక్కుమంటుంది. విగ్రహాలకు బలి ఇవ్వకూడదని మీ ప్రసంగాల్లోనే విన్నాం, అందుకే బలి తప్పించుకోవడానికి డబ్బు కట్టాం, చీటీ తీసుకోవడం కూడా తప్పని మాకు తెలియలేదు అన్నారు.

సిప్రియన్ మాత్రం ఊళ్లో లేడు. బిషప్పు అయి ఇంకా రెండేళ్లు నిండలేదు. హింస మొదలవగానే అజ్ఞాతవాసానికి వెళ్లి అక్కడి నుంచి ఉత్తరాలతో సంఘాన్ని నడిపించాడు. తమ బిషప్పును హతసాక్షిగా పోగొట్టుకున్న రోమా సంఘ పెద్దలకు ఇది నచ్చలేదు. మంద‌ను విడిచి పారిపోయే జీతగాని మాట ఎత్తి, పేరు పెట్టకుండానే చురక వేశారు. సిప్రియన్ తాను రాసిన 13 ఉత్తరాల నకళ్లు వారికి పంపి, ఊరు విడిచినా పని విడవలేదని చూపించుకోవలసి వచ్చింది. పడిపోయినవారి మీద తీర్పు చెప్పవలసినవాడు తానే ఇలా వేలెత్తి చూపబడ్డాడని గుర్తుంచుకోవాలి.

ఇంతలో చెరసాలల దగ్గర మరో సంగతి నడిచింది. హింసను భరించి విశ్వాసాన్ని ఒప్పుకొన్న సాక్షుల మాటకు సంఘంలో గొప్ప విలువ ఉండేది. పడిపోయినవారు వారి దగ్గరికి వెళ్లి, మమ్మల్ని మళ్లీ చేర్చుకోమని సంఘానికి రాసివ్వండని ఏడ్చేవారు. ఇవి సమాధాన పత్రాలు. చక్రవర్తి చీటీ వల్ల పోయినది సాక్షి చీటీతో తిరిగి వస్తుందన్న ఆశ.

రోమాలో ఉన్న కెలెరీనుసు అనే యువకుడు కార్తేజీ చెరలోని లూసియానుసుకు రాసిన ఉత్తరం ఒకటి సిప్రియన్ లేఖలతో పాటు మనదాకా వచ్చింది. కెలెరీనుసు మామూలువాడు కాడు. నాయనమ్మ హతసాక్షి, అతడు స్వయంగా 19 రోజులు బొండలో ఉండి వచ్చినవాడు. అయితే అతని సహోదరి బలి ఇచ్చేసింది. ఆమె క్రీస్తుకు చనిపోయిందని అతడు ఈస్టరు పండుగ దినాల్లో కూడా గోనెపట్టతో, కన్నీళ్లతో గడిపాడు. నుమేరియ, కాందిద అనే ఇద్దరి కోసం అతడు వేడుకుంటాడు. ఒకామె బలి ఇచ్చింది. ఒకామె బలిస్థలానికి సగం దారి ఎక్కి, దిగివచ్చి, డబ్బు ఇచ్చి తప్పించుకుంది. ఆ తర్వాత వాళ్లు కార్తేజీ నుంచి తరిమివేయబడి ఓడరేవుకు వచ్చిన విశ్వాసులను ఎదుర్కొని ఇంటికి తెచ్చుకున్నారు. 65 మందికి పరిచర్య చేస్తున్నారని కెలెరీనుసు రాశాడు. ప్రభువును కాదన్న చేతులే ప్రభువు కోసం పారిపోయి వచ్చినవారికి అన్నం పెడుతున్నాయి. వీళ్లను లోపలికి రానివ్వాలా, వద్దా?

లూసియానుసు ఆకలితో, దాహంతో, గాలి ఆడని గదిలో ఉండి జవాబు రాశాడు. తోటి సాక్షి పౌలుసు చనిపోతూ, ఎవరు అడిగినా తన పేరున సమాధానం ఇవ్వమని చెప్పాడట. కాబట్టి అందరికీ ఇచ్చేశాడు. కొన్ని పత్రాల్లో పేర్లు కూడా లేవు, ఫలానా మనిషినీ అతనివాళ్లనూ చేర్చుకోండని మాత్రమే ఉంది. అతనివాళ్లంటే ఇరవైమందా, ముప్ఫైమందా అని సిప్రియన్ విసుక్కున్నాడు. ఆయన మెచ్చుకున్న సాక్షి మప్పాలికుసు. చిత్రహింసలో చనిపోయిన ఇతడు పడిపోయిన తన తల్లికీ సహోదరికీ మాత్రమే సమాధానం కోరి, ఇంకెవరికీ రాయలేదు. నాకైతే లూసియానుసు మీద కోపం రాదు. రేపో మాపో చావబోయేవాడు ఏడుస్తున్నవారికి కాదనలేకపోయాడు. అయితే పశ్చాత్తాపం లేకుండా కాగితంతో పాపం తీర్చేయడం అలవాటైతే సంఘం ఏమవుతుందన్న సిప్రియన్ భయం కూడా తీసిపారేయదగింది కాదు.

251 ఈస్టరు తర్వాత సిప్రియన్ తిరిగి వచ్చాడు. కార్తేజీలో బిషప్పుల సభ కూడింది. ఒక్కొక్కరి సంగతి విడివిడిగా విచారించాలని తీర్మానించారు. చీటీవారిని విచారణ చేసి చేర్చుకోవచ్చు. బలి ఇచ్చినవారు పశ్చాత్తాపంలో కొనసాగాలి, మరణ సమయంలో సహవాసం ఇవ్వాలి. సిప్రియన్ ఒక ఉత్తరంలో చూపిన తేడా గమనించదగింది. ఇంటిల్లపాదినీ బలిపీఠానికి ఈడ్చుకుపోయినవాడు వేరు, భార్యాబిడ్డలను తప్పించడానికి తానొక్కడే వెళ్లి బలి ఇచ్చి, పారిపోయి వచ్చిన సహోదరులకు ఇంట్లో చోటిచ్చినవాడు వేరు. ఆ జూన్‌లో డేసియస్ గోతులతో యుద్ధంలో చనిపోయాడు. ఒకటి రెండేళ్లలో మళ్లీ హింస వచ్చే సూచనలు కనబడగా, పశ్చాత్తాపంలో నిలిచిన బలి ఇచ్చినవారిని కూడా బిషప్పులు చేర్చుకున్నారు. ప్రభువు పాత్రలోనిది తాగనివ్వకుండా ప్రభువు కోసం రక్తం చిందించమని వారిని ఎలా అడగగలమన్నది వారి వాదన.

రోమాలో నొవాటియాను అనే పెద్ద దీనికి ఒప్పుకోలేదు. పడిపోయినవారిని దేవుడు క్షమిస్తే క్షమించవచ్చు, సంఘానికి ఆ అధికారం లేదని వేరైపోయాడు. అతని వెంట వెళ్లినవారి సంఘాలు కొన్ని వందల ఏళ్లు నిలిచాయి. వాళ్లు దుర్మార్గులు కారు, సంఘం పరిశుద్ధంగా ఉండాలని కోరుకున్నవాళ్లే. సిప్రియన్ విషయానికి వస్తే, పారిపోయాడని అనిపించుకున్న ఆయన 258 సెప్టెంబరు 14న కార్తేజీలోనే శిరచ్ఛేదం పొందాడు.

అంతియొకయ బిషప్పు ఫాబియుసు నొవాటియాను వైపు మొగ్గుతున్నాడని తెలిసి, అలెక్సంద్రియ బిషప్పు దియొనీసియుసు ఒక ఉత్తరం రాశాడు. దాన్ని చరిత్రకారుడు యుసేబియుసు భద్రపరిచాడు. అందులో వాదం కంటే ఎక్కువగా పని చేసేది ఒక ముసలాయన కథ.

సెరాపియోను చాలాకాలం నిందలేని విశ్వాసి. హింసలో బలి ఇచ్చాడు. తర్వాత ఎన్నిసార్లు వేడుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. జబ్బుపడి మూడు రోజులు మాట, స్పృహ లేకుండా పడి ఉన్నాడు. నాలుగో రోజు కాస్త తెలివి వచ్చి, మనవడిని పిలిచి, ఎవరైనా పెద్దను త్వరగా తీసుకురమ్మన్నాడు. రాత్రివేళ పిల్లవాడు పరుగెత్తాడు. ఆ పెద్ద కూడా జబ్బుతో ఉండి రాలేకపోయాడు. అయితే మరణ సమయంలో వేడుకున్నవారికి, ముఖ్యంగా ముందునుంచీ అడుగుతున్నవారికి, విడుదల ఇవ్వమని దియొనీసియుసు అంతకు ముందే చెప్పి ఉంచాడు. అందుచేత ఆయన ప్రభువు బల్ల రొట్టెలో కొంచెం పిల్లవాడి చేతిలో పెట్టి, నానబెట్టి తాత నోట్లో చుక్కలుగా వేయమన్నాడు. పిల్లవాడు ఇంట్లోకి రాకముందే సెరాపియోనుకు మళ్లీ తెలివి వచ్చింది. వచ్చావా నాయనా, పెద్ద రాలేకపోయాడు, ఆయన చెప్పింది త్వరగా చేసి నన్ను పోనివ్వు అన్నాడట. పిల్లవాడు దాన్ని నానబెట్టి తాత నోట్లో పోశాడు. ముసలాయన కొంచెం మింగి, వెంటనే ప్రాణం విడిచాడు.