ఓరుగల్లు ప్రాంతములో ఎండకాలపు పని: ఒక చారిత్రక పరిశీలన

షూనేమీయురాలి కుమారుడు కోత పొలములో ఉన్న తండ్రి యొద్దకు వెళ్లి, తల పట్టుకొని, మధ్యాహ్నానికి తల్లి ఒడిలో మరణించిన సంగతి 2 రాజులు 4:18-20లో చదువుతాము. అది వడదెబ్బ అయి ఉండవచ్చునని వ్యాఖ్యాతలు అంటారు. వరంగల్ పల్లె సంఘములో ఈ భాగము చదివితే ఆ వ్యాఖ్యానము చెప్పనవసరము లేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేలమందికి పైగా ఎండకు బలి అయ్యారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మాట ఇక్కడ అతిశయోక్తి కాదు. మరి మన పెద్దలు ఎలా తట్టుకొన్నారు? "అంబలి తాగి బలంగా ఉండేవారు" అని వెంటనే జవాబు వస్తుంది. మా దృష్టిలో అది సగము జవాబే.

ఎండను జయించినది ముఖ్యముగా వేళల ఏర్పాటు. బావి మీద మోట తోలే రైతు కోడికూతకు ముందే ఎడ్లను కట్టి, పొద్దెక్కగానే విప్పేవాడు. ఎద్దు ఎండలో ఆయాసపడితే మరునాడు పనికి రాదు. ఎద్దు మీద చూపిన ఆ జాలి వలన మనిషికి కూడా కొంత నీడ దొరికింది! సద్దిమూటలో జొన్న గటక, చల్ల, ఉల్లిగడ్డ ఉండేవి. నీళ్లు సొరకాయ బుర్రలో చల్లగా నిలిచేవి. ఉప్పు వేసిన అంబలి, చల్ల చెమటలో పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఇచ్చేవి. గొర్రెల కాపరి మే నెలలో కూడా గొంగడి విడువడు. ఉన్నిలో చిక్కుకొన్న గాలి బయటి వేడిని ఒంటికి తాకకుండా ఆపుతుంది.

డర్రీలకు పేరుపొందిన వరంగల్ కొత్తవాడను మనమందరము ఎరుగుదుము. గుంటమగ్గము మీద నేసేవారి కాళ్లు నేలలోపల, చల్లని మట్టి గుంటలో ఉంటాయి. గాలి పొడిబారితే నూలు తెగుతుంది గనుక నేలను తడిపి ఉంచేవారు. నూలుకు చేసిన ఉపచారము నేతగానికీ దక్కింది. 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చాక నూలు కోసము అదే తేమ కావలసి వచ్చింది. కాని యంత్రాల వేడితో కలిసి అది ఉక్కపోత అయింది. పైగా పని వేళను నిర్ణయించినది ఎండ కాదు, షిఫ్టు.

ఇంతవరకు చెప్పినది తన వేళ తన చేతిలో ఉన్నవాని సంగతి. చెరువు పూడిక ఎప్పుడు తీస్తారు? నీరు ఎండినప్పుడే. పాకాల, రామప్ప, లక్నవరం మొదలుకొని ఊరి కుంటల వరకు కాకతీయుల నీటి వ్యవస్థను పొగడుతాము. మట్టి మోసినవారి వేసవిని తలంచము. కొత్త బావి తవ్వకము కూడా నీరు అడుగంటిన నడివేసవిలోనే. నిజాం కాలపు వెట్టిచాకిరిలో దొర కబురు వస్తే మిట్టమధ్యాహ్నమైనా వెళ్లవలసిందే. మత్తయి 20వ అధ్యాయములో పగటి ఎండ సహించామని సణిగిన కూలీలకు దేనారమైనా దొరికింది. వెట్టివానికి అదీ లేదు. మాల, మాదిగ వాడల వారికి ఊరబావిలో చేద వేసే హక్కు లేదు. ఎవరైనా తోడి పోసేవరకు ఎండలో నిలబడాలి, దోసిలి పట్టి తాగాలి. గటక ఎంత మంచిదైనా, ఆ నిలబాటుకు అది మందు కాదు.

మన సంఘ చరిత్ర ఇక్కడే మొదలవుతుంది. అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ 1879లో హనుమకొండలో స్థిరపడింది. మిషనరీలు చలికాలములో గుడారాలతో పల్లెలు తిరిగి, ఎండలు ముదిరితే కొడైకెనాల్, కూనూరు వంటి కొండలకు వెళ్లేవారు. వారిని తప్పుపట్టము; ఈ దేశములో భార్యలను, పసిబిడ్డలను పాతిపెట్టినవారు వారిలో ఎందరో. అయితే ఆ నెలల్లో పల్లెల్లో ఉన్నది తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు. 1912లో బిషప్ అయిన అజరయ్య గారి దోర్నకల్ అధ్యక్ష మండలములో కూడా పల్లె ప్రార్థన చీకటి పడ్డాక, కూలీలు ఇల్లు చేరాకనే జరిగేది. ఆ వేళను ఏ ఆరాధన క్రమమూ నియమించలేదు, పొలము నియమించింది.

తరువాత మట్టిగోడల, తాటికమ్మల ప్రార్థనశాలలు పోయి చాలాచోట్ల రేకులు వచ్చాయి. ఆరాధన పదిన్నరకు మారింది. కొన్ని సంవత్సరాల క్రితము ఒక మే ఆదివారమున మేము అటువంటి రేకుల క్రింద పన్నెండున్నర దాటినా ప్రసంగము ముగించలేదు. తెల్లవారుజామున మిరపతోటకు వెళ్లి వచ్చిన ఒక సహోదరి కూర్చున్నచోటనే ఒరిగిపోయింది. తడిగుడ్డ వేసి, ఉప్పు కలిపిన మజ్జిగ తాగించి, వేపచెట్టు క్రింద పడుకోబెట్టారు, సాయంత్రానికి తేరుకొన్నది. ఆ రాత్రి సంఘపెద్ద ఒకాయన మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, మా నాయన కాలంల దీపం పెట్టినంకనే ప్రార్థన. వచ్చే వారం గట్ల పెడ్దామా?" అని అడిగారు. జూన్‌లో వానలు పడేవరకు అలాగే పెట్టాము.